తుని కారు, చింతపల్లి చలి: మారుతి 800 డైరీ

నవంబర్ 17, ఆదివారం

నాన్న మారుతి 800 కారు ఎట్టకేలకు మైదానంలోని తుని నుంచి మన్యంలోని చింతపల్లికి కొండెక్కింది. 1997 బండి, పెట్రోలుని గాలితో కలిపే పాతకాలం కార్బ్యురేటర్‌ది, ఏసీ లేదు. తునిలో ఇన్నాళ్లూ ఆయనే నడిపారు. కంటి ఆపరేషన్ అయ్యాక తాళాలు నా చేతిలో పెట్టారు. ఆర్‌సీ 2027 దాకా ఉంది, కాబట్టి నాకు మూడేళ్ల గడువు.

నర్సీపట్నం దాటాక ఘాట్‌లో రెండో గేర్‌లో మూలుగుతూ ఎక్కినా ఎక్కడా ఆగలేదు. లంబసింగిలో టీకి ఆగితే వైజాగ్ నంబరు కార్లే ఓ యాభై ఉన్నాయి. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయలులో ఉండిపోయినవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని. మనుషుల సంగతి సరే, కార్లు కూడా బిగుసుకుపోతాయని అప్పటికి నాకు తెలీదు.

నేనుండేది చింతపల్లిలో. నేను పాఠాలు చెప్పే బడి ఏడు కిలోమీటర్లు. ఇన్నాళ్లూ స్కూటీ మీద వెళ్లేదాన్ని. పొద్దున్న మంచులో చేతులు కొయ్యబారిపోతుంటే ఇక కారే దిక్కనుకున్నాను.

నవంబర్ 20

గోడకి తగిలించిన చిన్న థర్మామీటర్ పొద్దున్న 9 డిగ్రీలు చూపించింది. సెల్ఫ్ ఐదుసార్లు కొట్టాను. ఊహూఁ. చోక్ లాగితే నాబ్ ఏ బరువూ లేకుండా బయటికి వచ్చేసింది. బ్యానెట్ ఎత్తి చూస్తే కేబుల్ కొస కార్బ్యురేటర్‌కి తగిలించే లేదు, పక్కన ఓ గొట్టానికి చుట్టేసి ఉంది.

నాన్నకి ఫోన్ చేశాను.

"చోకా? అదెప్పుడో తీయించేశా అమ్మలూ. మనకెందుకది, ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయ్యేది బండి."

తునిలో జనవరి తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు. అక్కడ ఆయన మాట నిజమే. ఇక్కడ చల్లని ఇంజన్‌లో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు, లోపలి గొట్టం గోడలకే అంటుకుపోతుంది. చోక్ గాలిని తగ్గించి ఆ లోటు పూడుస్తుంది. సాయంత్రం కేబుల్‌కి నాలుగు చుక్కల నూనె వేసి, స్క్రూ బిగించి మళ్లీ తగిలించాను. పావుగంట పని. ఆవేళ బడికి స్కూటీ మీదే వెళ్లాను.

నవంబర్ 21

చోక్ పూర్తిగా లాగి, యాక్సిలేటర్ ముట్టుకోకుండా సెల్ఫ్ కొడితే రెండోసారికి అందుకుంది. కానీ మూడు సిలిండర్లలో ఒకటి కొట్టట్లేదు. ఎద్దుబండిలా ఊగుతూ నడిచింది. చోక్ కొంచెం కొంచెంగా లోపలికి తోశాను, అయినా మిస్సింగ్ పోలేదు. పది నిమిషాలు వేడెక్కాక దానంతటదే సర్దుకుంది. సాయంత్రం ఎండలో నిలబడ్డ బండి మాత్రం సుబ్బరంగా స్టార్టయింది. అంటే చలి ఒక్కటే కాదు, తేమ కూడా ఉందన్నమాట.

నవంబర్ 24, ఆదివారం

చెమ్మకి కరెంటు ఎక్కడ దారి తప్పుతోందో పట్టుకునే ఈ పరీక్ష ఎవరికైనా చేసి చూపించాలనిపించేంత బాగుంది. రాత్రి ఎనిమిదికి వీధి దీపం లేని చోట బండి పెట్టి, స్టార్ట్ చేసి, బ్యానెట్ ఎత్తి, ఇస్త్రీకి వాడే నీళ్ల స్ప్రేతో ప్లగ్ వైర్ల మీద సన్నగా తుంపర కొట్టాం. కొట్టింది మా వీధి మెకానిక్ తమ్ముడు, నేను దూరంగా నిలబడి చూశాను. ఆ వైర్లలో వేల వోల్టులుంటాయి, చెయ్యి పెట్టే చోటు కాదు. తుంపర పడగానే, ప్లగ్‌లకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత చుట్టూ నీలం రవ్వలు చిటచిటలాడాయి. ఒక వైరు మీద కూడా అక్కడక్కడా.

"డెల్కో మూత పగిలింది మేడం, చూడండి," అన్నాడు. మెకానిక్‌లు డిస్ట్రిబ్యూటర్‌ని డెల్కో అంటారు. ఇంజన్ ఆపి మూత తీసి టార్చి వేస్తే లోపల వెంట్రుకంత సన్నని నల్ల గీత, రెండు పిన్నుల మధ్య. పొడిగా ఉన్నప్పుడు కరెంటుకి ఆ దారి కష్టం, ప్లగ్‌కే పోతుంది. రాత్రి మంచుకి మూత లోపల చెమ్మ పట్టిందంటే ఆ గీతే దగ్గరి దారి. నిప్పురవ్వ ప్లగ్ దగ్గర పుట్టాల్సింది మూతలోనే ఆరిపోతుంది.

కొత్త మూత, దాని లోపల తిరిగే రోటర్, మూడు ప్లగ్‌లు, వైర్ల సెట్టు నర్సీపట్నం నుంచి తెప్పించాలి. అందాకా రోజూ పొద్దున్న మూత తీసి, పొడి గుడ్డతో తుడిచి, హెయిర్ డ్రయర్‌తో రెండు నిమిషాలు ఆరబెడుతున్నాను. పక్కింటి పిన్నిగారు గోడ మీద నుంచి తొంగిచూసి "దానికి తలంటా?" అన్నారు.

డిసెంబర్ 1, ఆదివారం

సామాను వచ్చింది, వేసేశాం. మిస్సింగ్ పోయింది.

సెల్ఫ్ మాత్రం ఇంకా బద్ధకంగానే తిరుగుతోంది. మల్టీమీటర్ పెడితే రాత్రంతా నిలబడ్డ బ్యాటరీ 12.2 వోల్టులు, అంటే దాదాపు సగం చార్జి. నిండా ఉంటే 12.6 ఉండాలి. అసలే చలికి బ్యాటరీ సత్తా తగ్గుతుంది, పైగా చిక్కబడ్డ ఆయిల్‌ని తిప్పడానికి ఇంకా ఎక్కువ కరెంటు కావాలి. కొత్త బ్యాటరీకి డబ్బులు పెట్టబోయి, ఎందుకైనా మంచిదని ఎర్త్ వైరు చూశాను. బాడీకి బిగించిన చోట తుప్పు, రాగి తీగల మీద పచ్చగా చిలుము. ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వ్యాజలీన్ పూశాను. బ్యాటరీని ఒక రాత్రి చార్జింగ్‌లో పెట్టించాను. సెల్ఫ్ గొంతే మారిపోయింది. ఖర్చు ఉప్పు కాగితానికి పదిహేను రూపాయలు, చార్జింగ్‌కి వంద.

ఆయిల్ కూడా మార్పించాను. నాన్న 20డబ్ల్యూ50 పోయించేవారు. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత పలచగా పారుతుందో చెబుతుంది, తక్కువైతే తేలిక. 10డబ్ల్యూ40 పోయించాను.

డిసెంబర్ 5

స్టార్టింగ్ గొడవ తీరింది, చూపు గొడవ మొదలైంది. అల్పపీడనం వానలు రెండు రోజులు దంచి వెలిశాయి. ఇవాళ పొద్దున్న అద్దాలు లోపలి నుంచి తెల్లగా ఉన్నాయి. బయటి మంచు వైపర్‌తో పోతుంది. లోపలిది తుడిచిన నిమిషానికే మళ్లీ వస్తోంది. ఒక చేత్తో స్టీరింగ్, ఒక చేత్తో గుడ్డ. ఎదురుగా సంతకి పోయే జీపులు, రోడ్డు మీద గేదెలు. టెన్షన్‌తో ఏడు కిలోమీటర్లకి అరగంట పట్టింది.

కుడి కాలి కింద మ్యాట్ ఎత్తితే చెయ్యి తడిసింది.

పిల్లలకి ఆర్ద్రత, సాంద్రీకరణం అని బోర్డు మీద రాసే నేను, నా కారులో అదే జరుగుతుంటే గుడ్డ పట్టుకుని తుడుస్తూ కూర్చున్నాను! మధ్యాహ్నం ఎండకి కారు లోపల 25 డిగ్రీలుంటే ఒక్కో ఘనమీటరు గాలి సుమారు 23 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. తెల్లవారుజామున 10 డిగ్రీలకి దిగితే 9 గ్రాములే మోస్తుంది. మిగిలింది అన్నిటికంటే చల్లగా ఉన్న అద్దం మీద దిగుతుంది. తడి కార్పెట్ ఉన్నంత కాలం రోజూ ఇదే తంతు.

డిసెంబర్ 8, ఆదివారం

సీట్లు ఊడదీశాను. నాలుగేసి బోల్టులు, రెండు తుప్పుతో మొరాయించాయి. కార్పెట్ కింద మందపాటి గోనె లాంటి పొర ఉంటుంది, శబ్దం రాకుండా వేస్తారు. దాన్ని మడిచి కిరాణా కొట్టు కాటా మీద పెట్టిస్తే 5.4 కిలోలు. కొట్టాయన అదేమిటో అడగలేదు, ఇలాంటి మొహాలు చాలా చూసుంటాడు.

బడిలో తోటి మాస్టారు సిలికా జెల్ సంచులు సీట్ల కింద పెట్టమని సలహా ఇచ్చారు. అర కిలో జెల్ మహా అయితే రెండు వందల గ్రాముల చిల్లర నీరు పీల్చుకుంటుంది. నా కార్పెట్లో ఉన్నది లీటర్లలో. ఇంకొకరు రాత్రిపూట కారులో కుంపటి పెట్టి తలుపులు వేసేయమన్నారు. ఆ పని మాత్రం ఎవరూ చేయకండి. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండదు. పొద్దున్నే తలుపు తీసి కూర్చున్న మనిషి ప్రాణం మీదికి వస్తుంది. మూసిన షెడ్డులో ఇంజన్ వేడెక్కించడం కూడా అంతే ప్రమాదం.

ముందు కన్నం దొరకాలి. కారు లోపల ముందు గోడ వెంబడి పాత న్యూస్ పేపర్లు అంటించి, బయట మా తమ్ముడి కొడుకుతో మగ్గు నీళ్లు ఒక్కో చోట పోయించాను. తలుపు మీద పోస్తే ఏమీ లేదు. ముందు అద్దం పై అంచు మీద పోసినా లేదు. వైపర్ల కింద జాలీలో పోయగానే "అత్తా, నీళ్లు కిందికి పోవట్లేదు, నిలబడ్డాయి" అన్నాడు. ఆ మాటతో పాటే లోపల పేపరు నల్లబడింది. జాలీ తీసి చూస్తే తునిలో మా ఇంటి ముందు వేప చెట్టు ఆకులు, కుళ్లి మట్టయిపోయి, నీళ్లు పోయే కన్నాన్ని మూసేశాయి. నిండిన నీరు లోపలికి గాలి వెళ్లే దారిలో నుంచి నా కాళ్ల మీదికి దిగుతోంది. చెంచాతో తవ్వి, సైకిల్ చువ్వతో కన్నం పొడిచాను. గుప్పెళ్ల కొద్దీ మట్టి వచ్చింది.

తలుపుల అడుగున కూడా సన్న కన్నాలుంటాయి, అద్దం సందులోంచి దిగిన నీరు పోవడానికి. రెండు తలుపులకి పూడుకుపోయి ఉన్నాయి, వాటినీ పొడిచాను. ఎడమ వెనక తలుపు రబ్బరు బీడింగ్ చీలిపోయింది. ఇక్కడ దొరకలేదు.

నేల రేకు మీద తుప్పు డ్రైవర్ సీటు దగ్గర అరచేతి మేర. స్క్రూడ్రైవర్‌తో పొడిచినా దిగలేదు, అదృష్టం. గీకి, ఎర్ర మెటల్ ప్రైమర్ రెండు కోట్లు వేశాను.

డిసెంబర్ 14

గోనె పొర ఆరు రోజులు డాబా మీద ఆరింది. మళ్లీ కాటా: 2.9 కిలోలు. రెండున్నర లీటర్ల నీటిని పక్కన కూర్చోబెట్టుకుని బడికి వెళ్తున్నానన్నమాట ఇన్నాళ్లూ. అద్దాల మీద ఆవిరి సగానికి తగ్గింది. మిగిలిన సగం నా ఊపిరిది, తడిసిన చెప్పులది, లిఫ్టు ఇచ్చిన పిల్లలది. దానికి వెచ్చని గాలి కావాలి. హీటర్ మీట ఎర్రవైపు తిప్పాను. ఫ్రిజ్ తీసినట్టు చల్లగా కొట్టింది.

డిసెంబర్ 15, ఆదివారం

ఇవాళ ఆయిల్ పోసే మూత తీసి నిజంగా భయపడ్డాను. మూత లోపల వెన్నలాంటి పసుపు తెలుపు ముద్ద. ఇంజన్‌లో నీళ్లనీ ఆయిల్‌నీ కలవకుండా ఆపే పొర, హెడ్ గ్యాస్కెట్, పోయి ఆయిల్‌లో నీళ్లు కలిశాయనుకున్నాను. మెకానిక్ తమ్ముడు ఆయిల్ కొలిచే పుల్ల, డిప్‌స్టిక్, తీసి చూపించాడు. ఆయిల్ తేనె రంగులో శుభ్రంగా ఉంది. రేడియేటర్ నీళ్ల మీద నూనె తెట్టు లేదు, నీళ్లు తగ్గడం లేదు. గ్యాస్కెట్ కాదు.

లీటర్ పెట్రోలు కాలితే దాదాపు లీటర్ నీరు పుడుతుంది. ఎక్కువభాగం సైలెన్సర్‌లోంచి ఆవిరిగా పోతుంది. పొద్దున్న సైలెన్సర్ కొసన చుక్కలు పడేది అదే. కొంచెం పిస్టన్ల పక్కగా కింది ఆయిల్‌లోకి జారుతుంది. ఇంజన్ బాగా వేడెక్కితే అదీ ఆవిరైపోవాలి. మన ఇంజన్ వేడెక్కట్లేదు కాబట్టి చల్లగా ఉన్న మూతకి పట్టి, ఆయిల్‌తో చిలికి వెన్నవుతోంది. ఏడు కిలోమీటర్లు వెళ్లాక కూడా టెంపరేచర్ ముల్లు అడుగునే పడుకుని ఉండేది. బండి ఆరోగ్యంగా ఉందని సంతోషించాను!

ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపే వాల్వు, థర్మోస్టాట్, ఉండాల్సిన చోటు విప్పాం. ఖాళీ. రేడియేటర్ ఫ్యాన్ వైరు వెతికితే స్విచ్చిని దాటేసి డైరెక్ట్ ఇచ్చేశారు, తాళం తిప్పిన క్షణం నుంచి ఆగకుండా తిరుగుతోంది. ఇంజన్ వేడి నీళ్లని హీటర్‌కి తీసుకెళ్లాల్సిన రెండు గొట్టాలని లోపలికి పోనివ్వకుండా ఒకదానికొకటి కలిపేశారు.

మళ్లీ నాన్నకి ఫోన్.

"వేసవిలో అన్నవరం వెళ్తూంటే హీటైపోయింది కదమ్మా ఓసారి. మెకానిక్ వాల్వు తీసేసి ఫ్యాను డైరెక్ట్ చేశాడు. మళ్లీ ఎప్పుడూ హీటవ్వలేదు."

"హీటర్ గొట్టాలో?"

"తునిలో హీటరేంటే!"

నాకు కోపం రాలేదు. ఆ మెకానిక్ కూడా తెలివితక్కువవాడేం కాదు. ఎండల్లో రోడ్డు మీద ఆగిపోయిన బండికి ఆ పూట కావాల్సింది చేశాడు. కాకపోతే ఫ్యాన్ స్విచ్ పాడైందని కనిపెట్టి అదొక్కటీ మార్చి ఉంటే, వాల్వు జోలికి వెళ్లే పనే ఉండేది కాదు.

డిసెంబర్ 22, ఆదివారం

కొత్త థర్మోస్టాట్ మీద 82 అని అచ్చు ఉంది. బిగించే ముందు పాత గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వేలాడదీసి, బడి ల్యాబ్ థర్మామీటర్ పెట్టి పొయ్యి మీద కాచాను. 80 దాకా బిర్రబిగుసుకుని ఉంది. 83 దగ్గర సన్నగా నోరు తెరిచింది. 90 దాటాక బాగా తెరుచుకుంది. దించితే మళ్లీ మూసుకుంది. లోపలున్నది మైనం. కరిగి వ్యాకోచించి వాల్వుని నెడుతుంది. పిల్లలకి చూపించడానికి ఫోన్‌లో వీడియో తీశాను.

చల్లారిన బండి రేడియేటర్ విప్పితే టీ డికాక్షన్ లాంటి నీళ్లు వచ్చాయి. ఇన్నాళ్లూ బోరు నీళ్లే పోశారు. మూడుసార్లు కడిగి, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం పోశాను. చింతపల్లి చలికి రేడియేటర్ గడ్డకట్టుకుపోతుందని కాదు, లోపల తుప్పు ఆగుతుందని. ఫ్యాన్‌కి కొత్త స్విచ్ వేయించి డైరెక్ట్ వైరు పీకించాను. హీటర్ గొట్టాలు కొత్తవి వేసి లోపలికి కలిపించాను.

ఆరు నిమిషాలకి ముల్లు లేచింది. ఎనిమిదో నిమిషంలో కాళ్ల మీద వెచ్చటి గాలి. బయట 7 డిగ్రీలు. ఒంటరిగా కూర్చుని నవ్వుకున్నాను.

డిసెంబర్ 24

ఆ నవ్వు రెండు రోజులే. కారులో తియ్యటి వాసన, అద్దం లోపల జిడ్డు ఆవిరి. గుడ్డతో తుడిస్తే ఇంకా అలుక్కుపోతోంది. అది నీటి ఆవిరి కాదు, కూలెంట్. డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెడితే పచ్చటి చుక్క అంటింది.

నాన్న ఈసారి కాసేపు ఆలోచించారు. "ఇప్పుడు గుర్తొస్తోందే అమ్మలూ. కాళ్ల మీద వేడి నీళ్లు కారేవని గొట్టాలు కలిపించా."

డిసెంబర్ 29, ఆదివారం

డ్యాష్‌బోర్డు కిందినుంచి హీటర్ డబ్బా దింపడానికి పొద్దున్నంతా పట్టింది. లోపలి చిన్న రేడియేటర్‌కి ఒక మూల పిన్ను పోటంత చిల్లు. నర్సీపట్నంలో రేడియేటర్ పని చేసే పెద్దాయన దగ్గర మాటు పెట్టించాను. ఆయన దాన్ని నీళ్ల తొట్టిలో ముంచి గాలి కొట్టి, బుడగ రాలేదని నాతో కూడా చూపించి ఇచ్చాడు. అద్దాన్ని ముందు సబ్బునీళ్లతో, తరవాత న్యూస్ పేపరుతో రుద్దాను. జిడ్డున్న అద్దానికి ఆవిరి త్వరగా పడుతుంది.

బాగా పనిచేస్తున్న పద్ధతి: గాలి మీట ఎప్పుడూ బయటి గాలి వైపే. లోపలి గాలినే తిప్పితే ఊపిరి తేమంతా అందులోనే తిరుగుతుంది. హీటర్ వేడి అద్దం మీదికి, ఒక కిటికీ వేలెడు సందు.

జనవరి 5, ఆదివారం

చిన్న సంగతి. నిన్న వానలో వచ్చి హ్యాండ్‌బ్రేక్ వేసి పడుకున్నాను. పొద్దున్న బండి కదల్లేదు. వెనక చక్రాల డ్రమ్ముల్లో తడికి బ్రేక్ లైనర్లు తుప్పుతో అతుక్కుపోయాయి. ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపితే టప్పున విడిపోయాయి. ఇకనుంచి తడి రాత్రుల్లో మట్టసంగా ఉన్న చోట మొదటి గేర్‌లో పెట్టి చక్రానికి రాయి వేస్తాను. ట్యాంకు కూడా సగం దిగనివ్వట్లేదు. ఖాళీ ట్యాంకులో గాలి ఎక్కువ, గాలిలో తేమ ఎక్కువ, ఇథనాల్ కలిసిన పెట్రోలు ఆ తేమని లాక్కుంటుంది.

ఆయిల్ మూత తీసి చూశాను. వెన్న లేదు. ఆదివారాలు లంబసింగి దాకా వెళ్లొస్తున్నాను, అరగంటకి పైగా వేడిగా నడిస్తే ఆయిల్‌లో తేమ ఎగిరిపోతుందని. టీ కోసం కూడా అనుకోండి.

జనవరి 12, ఆదివారం

రేపు భోగి. తుని వచ్చాను. ఘాట్ దిగుతుంటే ఒక్కో మలుపుకీ గాలి వెచ్చబడింది. స్వెట్టర్ నర్సీపట్నంలో తీసేశాను.

నా భయమంతా ముల్లు గురించే. థర్మోస్టాట్ పెట్టాక బండిని మైదానంలో నడపడం ఇదే మొదటిసారి. తునిలో పండగ రద్దీ, బజారులో ఇరవై నిమిషాలు అంగుళం అంగుళం జరిగాం. ముల్లు సగం దాటింది, ఫ్యాన్ గిర్రున అందుకుంది, ముల్లు దిగింది, ఫ్యాన్ ఆగింది. నాలుగుసార్లు అదే.

ఇంటి ముందు నాన్న ఇంజన్ ఆపనివ్వలేదు. బ్యానెట్ ఎత్తించి చెవి పెట్టారు.

"ఫ్యాను తిరగట్లేదే! కాలిపోయిందా?"

"ఆగండి నాన్నా."

ఇద్దరం నిలబడ్డాం. రెండు నిమిషాలకి అదే తిరగడం మొదలెట్టింది. ఆయన ఏమీ అనలేదు. ముందు సీట్లో కూర్చుని చోక్ నాబ్ లాగి చూశారు, బిగువుగా వచ్చింది, మళ్లీ జాగ్రత్తగా లోపలికి తోశారు. తరవాత కాళ్ల దగ్గర చెయ్యి పెట్టి, "ఈ హీటర్ కట్టెయ్, ఉడికిపోతున్నా" అన్నారు.

ఎడమ వెనక తలుపు బీడింగ్ ఇక్కడ బజారులో దొరికింది. కనుమ అయ్యాక వేయాలి. బండిని మాత్రం వేప చెట్టు కింద పెట్టలేదు.